కథల పుస్తకం క్లాసులో ఎవరి నోటితో చదవాలి, ఎప్పుడు చదవాలి

మా ప్రకాశం జిల్లాలో గానీ పక్కన నెల్లూరులో గానీ నేను చూసిన ప్రైమరీ స్కూళ్ళలో కథల పుస్తకాలు అసలు లేని స్కూలు లేదు. బీరువాలో ఉంటాయి, కొన్నిచోట్ల గోడకి తాడు కట్టి క్లిప్పులతో వేలాడదీసి ఉంటాయి, కొన్నిచోట్ల వచ్చిన అట్టపెట్టెలోనే ఉంటాయి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఉంది, ప్రతి స్కూల్లో లైబ్రరీ ఉండాలి, అందులో న్యూస్‌పేపర్లు, పత్రికలు, అన్ని సబ్జెక్టుల పుస్తకాలు, కథల పుస్తకాలు కూడా ఉండాలని. కేంద్రం పెట్టిన సమగ్ర శిక్ష పథకం కింద ప్రైమరీ స్కూలుకి 5000 రూపాయల దాకా లైబ్రరీ గ్రాంటు ఉంది. 2020లో మన రాష్ట్రంలో చదవడం మాకిష్టం అని కార్యక్రమం పెట్టారు, 2022 జనవరి 1 నుంచి కేంద్రం వాళ్ళు వంద రోజుల రీడింగ్ క్యాంపెయిన్ నడిపారు.

ఇంత జరిగినా లెక్క చూడండి. పల్లెటూళ్ళ పిల్లల చదువు మీద జరిగే అసర్ సర్వే ఒకటుంది, 2024లో దాని ప్రకారం దేశం మొత్తం మీద పల్లెటూళ్ళ గవర్నమెంట్ స్కూళ్ళలో మూడో క్లాసు పిల్లల్లో రెండో క్లాసు స్థాయి కథ చదవగలిగింది 23.4 శాతం. 2022లో 16.3 ఉండింది కాబట్టి కరోనా దెబ్బ నుంచి లేచామని సంతోషపడొచ్చు, అయినా నలుగురు పిల్లల్లో ముగ్గురికి ఇంకా కథ చదవడం రాదనే గదా అర్థం.

ఎందుకు అని అడిగితే మూడు జవాబులొస్తాయి. టీచర్లు పుస్తకాలు బయటికి తియ్యరు. పిల్లలకి ఫోన్ పిచ్చి. ఇంట్లో చదివించేవాళ్ళు లేరు. మూడిట్లోనూ కొంత నిజం ఉంది. కానీ వీటన్నిటి కింద ఇంకో చిక్కు ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కథల పుస్తకంతో క్లాసులో జరిగే పనులు ఒకటి కాదు, నాలుగు. టీచర్ కథ చెప్పడం, టీచర్ పుస్తకం చూసి గట్టిగా చదవడం, టీచరూ పిల్లలూ కలిసి చదవడం, పిల్ల తనంతట తాను చదువుకోవడం. ఈ నాలుగు పనులకీ కావాల్సిన పుస్తకాలు వేరు, వచ్చే లాభాలు వేరు. మనం అన్నిటికీ కలిపి లైబ్రరీ పీరియడ్ అని ఒక పేరు పెట్టి, రెండో క్లాసు పిల్లోడి చేతిలో ఏదో ఒక పుస్తకం పెట్టి చదువుకో నాయనా అంటాం, వాడు బొమ్మలు తిరగేసి పక్కోడితో మాట్లాడతాడు, పీరియడ్ అయిపోద్ది.

అసలు చదవడం అంటే ఏందో ముందు తేల్చుకుంటే మిగతాది సులువవుద్ది. 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అని ఇద్దరు పరిశోధకులు చిన్న లెక్క ఒకటి చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అంటే, అక్షరాలు చూసి పలకగలగడం ఇంటూ విన్న భాష అర్థం కావడం. ప్లస్ కాదు, ఇంటూ. అందుకే రెండిట్లో ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నానే.

దీన్ని మన పిల్లల మీద పెట్టి చూడండి. పొదిలి వైపు పల్లెలో రెండో క్లాసు పిల్ల ఉంది, ఇంట్లో అవ్వ చెప్పే కథ మొత్తం అర్థమవుద్ది, మధ్యలో ప్రశ్నలు వేస్తది, తమ్ముడికి తిరిగి చెప్తది, కానీ అదే కథ అచ్చులో ఇస్తే ఒక్క లైను కూడా పలకలేదు. తెలుగులో ఆమెకి ఒక వైపు నిండుగా ఉంది, ఇంకో వైపు సున్నా. అదే పిల్ల ఇంగ్లీష్ పేజీలో చిన్న పదాలు స్పెల్లింగ్ చదివి పలుకుద్ది, అర్థం అడిగితే నీళ్ళు నములుద్ది. అక్కడ మొదటి వైపు ఎంతో కొంత ఉంది, రెండో వైపు సున్నా. 2020 నుంచి మన పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగుగా వస్తున్నాయి గదా, రెండు పేజీలూ ఒకే పిల్ల ముందు ఉన్నా ఆ పిల్లకి రెండు రకాల సాయం కావాలన్నమాట. ఈమెకి చదవడం రాదు అని ఒక్క మాటతో తేల్చేస్తే ఏ సాయం చెయ్యాలో మనకీ తెలీదు.

మొదటి వైపు, అంటే అక్షరాలు చూసి పలకడం, తెలుగులో ఎందుకంత టైం తీసుకుంటదో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే దీన్ని టీచర్ తప్పో పిల్లల మొద్దుతనమో అనుకునేవాళ్ళు చానామంది ఉన్నారు. ఇంగ్లీషులో 26 అక్షరాలు. మనకి అచ్చులు, హల్లులు, ఒక్కో హల్లుకి గుణింతం, అవే 400 దాటతాయి, ఆ పైన ఒత్తులు. తలకట్టు తీసి గుడి పెడితే శబ్దం మారుద్ది, కింద ఒత్తు చేరితే ఇంకో రూపం, కొన్ని ఒత్తులైతే అసలు అక్షరంతో పోలికే ఉండదు, త కింద త చూడండి, ర ఒత్తు చూడండి. సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు మన తెలుగు లిపికి తోబుట్టువు లాంటి కన్నడ లిపి మీద చేసిన పని 2007లో అచ్చయింది, అందులో తేలింది ఏందంటే ఈ రకం లిపుల్లో అక్షరాలన్నీ పట్టుబడటానికి పిల్లలకి మొదటి ఒకటి రెండేళ్ళు చాలవు, మూడో నాలుగో క్లాసు దాకా సాగుద్ది. లిపే అంత పెద్దది, అందులో పిల్లల లోపం ఏం లేదు.

సరే, అక్షరాలకి మూడు నాలుగేళ్ళు పడితే, ఆ మూడు నాలుగేళ్ళూ రెండో వైపు, అంటే విన్న భాష అర్థం చేసుకోవడం, ఏం కావాలి? చాలా క్లాసుల్లో ఏం జరగదు. పిల్లకి గుణింతాలొచ్చేదాకా గుణింతాలే, తర్వాత ఒత్తులే, కథలు ఆ తర్వాత అంటారు. ఐదో క్లాసుకొచ్చేసరికి తంటాలు పడి పలకడం నేర్చుకుంటాడు గానీ కథ అంటే ఎట్లా నడుస్తదో, ఇంట్లో ఎవరూ వాడని పుస్తకం మాటలు ఏందో, ఒక మనిషి మనసులో ఏముందో చెప్పకుండానే ఎట్లా తెలుస్తదో, ఇవేవీ లోపలికి పోలేదు. అప్పుడు పలుకుతాడు, అర్థం కాదు. ఈ పరిస్థితి రాకూడదనుకుంటే అక్షరాలు వచ్చేదాకా ఆగకూడదు, ఆ ఏళ్ళలో కథ చెవి గుండా పోవాలి. కథల పుస్తకాల విషయంలో నేను చెప్పదల్చుకున్న ముఖ్యమైన మాట ఇదే. ఒకటి రెండు తరగతుల్లో కథల పుస్తకం ముందుగా ఉండాల్సింది టీచర్ చేతిలో, టీచర్ నోట్లో. పిల్లల చేతికి తర్వాత.

ఇక్కడ చెప్పడానికీ చదవడానికీ తేడా గట్టిగా పట్టుకోవాలి. మనలో చాలామంది కథ బ్రహ్మాండంగా చెప్తారు, చేతులు తిప్పుతూ, గొంతు మారుస్తూ, పిల్లలు నోరెళ్ళబెట్టి వింటారు. అది మంచిదే, మానొద్దు. అయితే చెప్పేటప్పుడు మన నోట్లో వచ్చేది మన మాటే, అప్పుడేమైందంటే రాజు పొయ్యాడు, పోతా ఉంటే యాడో చెట్టు కింద ముసలామె కూచోనుంది, ఇట్లా. పుస్తకంలో అట్లా ఉండదు. మరుసటి రోజు అని ఉంటది, అంతలోనే అని ఉంటది, వెళ్ళినప్పటికీ, ఎందుకంటే, బదులిచ్చింది, ఇట్లాంటివి. మన ఇళ్ళల్లో ఎవరూ బదులిచ్చింది అనరు. ఈ మాటలు పిల్ల చెవిన వందసార్లు పడితేనే రేపు అచ్చులో కనపడ్డప్పుడు సగం పలికేసరికి మిగతా సగం దానంతటదే వస్తది. అందుకే పుస్తకం పట్టుకుని, అందులో ఉన్న మాటలు ఉన్నట్టే చదివే రోజులు వేరుగా ఉండాలి. ఒక లైను చదివి వెంటనే దాన్ని మన భాషలోకి తిప్పి చెప్పి, ఇంకో లైను చదివి మళ్ళీ తిప్పి చెప్తే కథ తెగిపోతది, పిల్లలు కూడా తెలివైనవాళ్ళు, పుస్తకం లైను వచ్చినప్పుడు చెవులు మూసుకుని మన వివరణ కోసమే ఎదురు చూస్తారు. నాకు పనిచేసిన పద్ధతి ఇది. మొదటి రోజు బొమ్మలు చూపిస్తా కథ మన మాటల్లో చెప్పేస్తా, రెండో రోజు అదే పుస్తకం ఉన్నది ఉన్నట్టు చదువుతా, కథ ముందే తెలుసు కాబట్టి కొత్త మాట వచ్చినా ఎవరూ తడబడరు. మూడో రోజు మళ్ళీ అదే. పెద్దలకి విసుగొస్తదేమో గానీ ఆరేళ్ళ పిల్లలకి ఒకే కథ నాలుగోసారి విన్నా విసుగు రాదు, మనం ఒక మాట మారిస్తే మాత్రం పట్టుకుంటారు.

మూడో పని కలిసి చదవడం. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా, మన దగ్గర అన్నిటికంటే తక్కువగా జరిగేది ఇదే. న్యూజీలాండ్‌లో డాన్ హోల్డవే అనే ఆయన 1970ల్లో పెద్ద సైజు పుస్తకాలతో ఈ పద్ధతి నడిపాడు. ఇంట్లో పిల్ల అమ్మ ఒళ్ళో కూర్చుని పేజీ చూస్తా వింటది గదా, అదే క్లాసులో ముప్పై మందికి జరగాలంటే అందరికీ అచ్చు కనపడాలి. పుస్తకం పెద్దదైతే టీచర్ వేలు లైను కింద నడుస్తా ఉంటది, పిల్లలు కలిసి అంటారు. ఇప్పుడు మనకి పెద్ద పుస్తకం లేకపోయినా పర్లేదు, డ్రాయింగ్ చార్టు మీద స్కెచ్‌పెన్‌తో రాసుకోవచ్చు, టీవీ ఇచ్చిన స్కూళ్ళలో స్టోరీవీవర్ నుంచి దించిన కథని తెర మీద పెట్టొచ్చు, స్టోరీవీవర్ అంటే పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళ వెబ్‌సైట్, 2015 నుంచి ఉంది, తెలుగు కథలు ఫ్రీగా దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా.

కలిసి చదవడానికి ఎట్లాంటి కథ కావాలంటే పిల్లలకి ముందే నోటికొచ్చింది అయ్యుండాలి, ఒకే మాట మళ్ళీ మళ్ళీ రావాలి. మన దగ్గర దీనికి ఏడు చేపల కథని మించింది లేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు, గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపూ గడ్డిమోపూ ఎందుకు అడ్డమొచ్చావు, ఆవు మెయ్యలేదు. ఆవూ ఆవూ ఎందుకు మెయ్యలేదు, పాలేరు మేపలేదు. అట్లా అవ్వ దాకా, ఏడ్చే పిల్లోడి దాకా, చీమ దాకా. ప్రతి లైనులో ఎందుకు అనే పదం ఉంటది, లేదు అనేది మాటిమాటికీ తిరిగొస్తది, మారేది ఒకటి రెండు మాటలే. పిల్లకి కథ నోటికొచ్చు కాబట్టి వేలు ఎక్కడుందో దాన్ని బట్టి ఈ మెలికల అక్షరం ఎందుకు అని తనకి తానే తెలుసుకుంటది. ఇది బట్టీ గదా, నిజంగా చదవడం కాదు గదా అని అనుమానం వస్తది. మొదట్లో బట్టీనే, నిజం. ఆ బట్టీ పట్టిన మాటకీ కనపడే అచ్చుకీ జత కుదరడమే చదవడానికి మొదలు. జత కుదిరిందో లేదో చూడాలంటే ఒక పని చెయ్యండి, లైన్లు కత్తిరించి కలిపేసి వరసలో పెట్టమనండి, తర్వాత ఒక్కో పదం చీటీలుగా కత్తిరించి ఇవ్వండి. ఆవు చీటీ ఏదో, అవ్వ చీటీ ఏదో ఒత్తు చూసి చెప్పగలిగితే ఆ పిల్ల చదువుతున్నట్టే.

ఇదే కథ ఇంకో విషయానికి కూడా పనికొస్తది. ఇందులో నీతి లేదు. పుట్టలో వేలు పెడితే చీమ కుట్టింది, అంతే. తరాల నుంచి నీతి లేకుండానే బతికింది. మన క్లాసుల్లో మాత్రం కథ అవ్వగానే ఈ కథ వల్ల మనం తెలుసుకున్న నీతి ఏమి అని అడగాల్సిందే, పిల్లలంతా కలిసి అబద్ధం ఆడరాదు సార్ అనాల్సిందే. పిల్లలు ఆ జవాబు కథ విని చెప్పరు, టీచర్ కళ్ళు చూసి చెప్తారు. ఎప్పుడైనా అబద్ధాల ఊసే లేని కథ చదివి అడిగి చూడండి, నలుగురైనా అబద్ధం ఆడరాదు అంటారు. నీతి ప్రశ్న కథని ఒక లైనుకి కుదించేస్తది, పిల్ల ఆలోచన అక్కడితో ఆగిపోద్ది.

మరి ఏం అడగాలి? రాజుకి ఎంతమంది కొడుకులు అంటే ఏడుగురు అని అరుస్తారు, విన్నారో లేదో తెలుసుకోవడానికి అది చాలు, ఒకటి అడిగి వదిలెయ్యొచ్చు. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయనతో పనిచేసినవాళ్ళు చిన్నపిల్లల తల్లులతో ఒక ప్రయోగం చేశారు, పుస్తకం చదివేటప్పుడు అవును కాదు అని జవాబొచ్చే ప్రశ్నలు తగ్గించి, ఇక్కడ ఏం జరుగుతోంది, ఎందుకు అట్లా చేశాడు, నీకెప్పుడైనా ఇట్లా అయ్యిందా అని అడగమన్నారు, పిల్ల ఒక మాట అంటే దానికి ఇంకో మాట చేర్చి తిరిగి అనమన్నారు. అట్లా చేసిన ఇళ్ళల్లో పిల్లల మాట తొందరగా పెరిగింది. ఇందులో పరికరాలు లేవు, ఖర్చు లేదు, అడిగే తీరు మారింది అంతే. మన ఏడు చేపల కథలో చేప ఎండకపోతే ఏమవుద్ది అని సముద్రం పక్క ఊళ్ళో అడిగి చూడండి. పురుగు పడుద్ది సార్, ఉప్పు పట్టిస్తే పడదు సార్, మొయిలు పడితే మా అమ్మ పట్టా కప్పుద్ది సార్, కాకులొస్తాయి సార్, మా అవ్వ కట్టె పట్టుకుని కాపలా కూచుంటది. క్లాసులో నోరు తెరవని పిల్లోడు కూడా ఆ రోజు మాట్లాడతాడు, ఎందుకంటే ఆ విషయంలో టీచర్ కంటే వాడికే ఎక్కువ తెలుసు. మిగతా పిల్లలు వాడి వైపు తిరిగి వింటారు, వాడు చెప్పిన మాటల్ని మనం కొంచెం సరిచేసి పెద్ద వాక్యంగా తిరిగి అంటే చాలు, అదే భాష పాఠం.

ఇప్పుడు నాలుగో పని, పిల్ల సొంతంగా చదువుకోవడం. ఏ పుస్తకం ఇవ్వాలి అన్నది ఇక్కడే అసలు సమస్య. పుస్తకాల మీద లెవెళ్ళు వేస్తున్నారు, మంచిదే, స్టోరీవీవర్‌లో మొదటి లెవెల్ అంటే 250 పదాల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా, అట్లా. కానీ పదాల లెక్క తెలుగులో సగం నిజమే చెప్తది. మేక ఆకు మేసింది అన్నదీ చంద్రుడు ఉత్సాహంగా నవ్వాడు అన్నదీ రెండూ మూడు పదాలే, మొదటిది గుణింతం వచ్చిన పిల్ల చదివేస్తది, రెండోది చదవాలంటే రకరకాల ఒత్తులన్నీ రావాలి. వేరే భాషలో మొదటి లెవెల్‌గా రాసిన కథ తెలుగులోకి వచ్చేసరికి బొమ్మలు అవే, పదాలు అంతే, కానీ లైనుకి మూడు ఒత్తులు పడతాయి. అందుకని పుస్తకం మీద నంబరు చూసి సరిపెట్టుకోకుండా టీచర్ ఒకసారి తిరగేసి మూడు కుప్పలు పెట్టుకోవాలి, దాదాపు గుణింతాలతోనే నడిచేవి, అమ్మ, అక్క, పిల్లి లాంటి అదే అక్షరం ఒత్తుగా వచ్చే పదాలు ఎక్కువున్నవి, ఇక వేరే వేరే ఒత్తులు కలిసిన సంయుక్తాలున్నవి. మూడు రంగుల స్టిక్కర్లు చాలు. ఒక మధ్యాహ్నం పట్టే పని ఇది, ఏడాదంతా ఉపయోగపడుద్ది.

స్పీడు గురించి కూడా ఒక మాట. చిన్న క్లాసుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021 జులై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌లో మూడో క్లాసు అయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం. హిందీలో జా రహా హై అని మూడు పదాలు, మనకి వెళ్తున్నాడు అని ఒకటే పదం. అన్ని భాషలకీ ఒకటే కొలత సరిపోదు, 2022లో 20 భాషల్లో జరిగిన జాతీయ అధ్యయనంలో ఒక్కో భాషకి వేరే కొలత పెట్టింది అందుకే. స్టాప్‌వాచ్ పట్టుకుని పిల్లని పరిగెత్తించే ముందు ఇది గుర్తుంచుకోవాలి, పరిగెత్తించిన పిల్ల పదాల చివర మింగేసి చదవడం నేర్చుకుంటది, మన భాషలో ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, చేశారా లేదా అన్నదంతా ఆ పదం చివరే ఉంటది.

మా తరం టీచర్లకి కథల పుస్తకం అనగానే చందమామ గుర్తొస్తది. 1947 జులైలో మొదలై కొన్ని తరాలకి చదవడం మీద రుచి పుట్టించిన పత్రిక అది, దాని మీద నాకున్న ప్రేమ చిన్నది కాదు. కానీ అది చదవడం వచ్చిన పిల్లల పత్రిక, సన్నటి అక్షరం, పేజీ నిండా కథ, ఒక మూల బొమ్మ. పేజీకి ఒక లైను, మిగతా అంతా బొమ్మ ఉండే పుస్తకం ఒకటో క్లాసు పిల్లకి కావాలి, మన చిన్నప్పుడు అది లేదు కాబట్టి ఇప్పుడు ఇట్లాంటి పుస్తకం చేతికొస్తే ఇందులో ఏముంది, ఐదు నిమిషాల్లో అయిపోద్ది అంటాం. ఐదు నిమిషాల్లో అయిపోవడమే దాని గొప్ప. జీవితంలో మొదటిసారి ఒక పుస్తకం మొదటి నుంచి చివరి దాకా నేను చదివా అనుకోవడం ఆ పిల్లకి చాలా పెద్ద విషయం. ఇప్పుడు తెలుగులో ఇవి బాగానే దొరుకుతున్నాయి, మంచి పుస్తకం అనే ప్రచురణ సంస్థ, ప్రథమ్ బుక్స్, చెన్నై తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్ అందరూ వేస్తున్నారు.

దొరకనిది ఒకటుంది. మన ఊళ్ళు ఆ పుస్తకాల్లో తక్కువ. 1990లో రుడిన్ సిమ్స్ బిషప్ అనే అమెరికన్ ప్రొఫెసర్ అన్నారు, పిల్లల పుస్తకాల్లో కొన్ని అద్దాలు, కొన్ని కిటికీలు ఉండాలని, అంటే తన బతుకు కనపడేవి కొన్ని, ఇంకొకరి బతుకు చూపించేవి కొన్ని. మా పిల్లలకి కిటికీలు ఉన్నాయి, అద్దాలే కరువు. రొయ్యల గుంటల గట్టు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రిళ్ళు నాయనతో పాటు మేలుకోవడం, చీమకుర్తి క్వారీ లారీలు, తిరునాళ్ళలో బండలాగుడు పందెం, యానాది కాలనీలో ఊత పెట్టి చేపలు పట్టడం, ఇవి ఎన్ని పుస్తకాల్లో ఉన్నాయి? దీనికి ఎవరో వేసి పంపేదాకా ఎదురు చూడక్కర్లేదు. సిల్వియా యాష్టన్ వార్నర్ అనే టీచర్ న్యూజీలాండ్‌లో మావోరీ పిల్లలతో ఎప్పుడో చేసి చూపించింది, పిల్ల నోట వచ్చిన మాటే రాసి ఆ మాటతోనే చదవడం మొదలుపెట్టించింది. మనం కూడా పిల్లలు చెప్పింది చార్టు మీద రాసి, బొమ్మలు వాళ్ళతోనే వేయించి, మూడు కుట్లు వేస్తే పుస్తకమే. క్లాసులో అన్నిటికంటే ముందు చినిగిపోయేవి ఈ పుస్తకాలే, అన్ని చేతులు పడతాయి వాటి మీద.

ఏ భాషలో రాయాలి అన్నదాని మీద మా టీచర్లలోనే వాదనలు అవుతాయి. నెల్లూరు వైపు పిల్ల ఏం చేస్తుండావు అంటే అట్లాగే రాయాలా, ఏం చేస్తున్నావు అని దిద్దాలా? నా అభిప్రాయం, ఒకటి రెండు క్లాసుల్లో పిల్ల చెప్పిన కథని ఆ పిల్ల అన్నట్టే రాయాలి. తను అన్న మాట తనకి అచ్చులో కనపడటమే అప్పుడు పాఠం, దిద్దితే జత కుదరదు. మూడో క్లాసు నుంచి మనుషులు మాట్లాడుకునే మాటలు అట్లాగే ఉంచి, మధ్యలో కథ నడిపే వాక్యాలు పుస్తకం తీరుకి మార్చుకుంటూ రావచ్చు. ఇంటి మాట తప్పు అని మాత్రం ఏ క్లాసులోనూ అనకూడదు, ఆ మాట అన్నాక పిల్ల నోరు విప్పదు, నోరు విప్పని పిల్లకి కథ చెప్పించలేం.

ఇద్దరు టీచర్లు ఐదు క్లాసులున్న స్కూల్లో ఇదంతా ఎప్పుడు అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్న. పరీక్షల మార్కులు, యాప్‌లో ఫోటోలు, భోజనం లెక్కలు, ఇవన్నీ ఉంటాయి. గట్టిగా చదవడానికి రోజుకి పది నిమిషాలు చాలు, ప్రార్థన అయిన వెంటనే పెట్టుకుంటే దాన్ని ఇంకేదీ మింగెయ్యదు, మధ్యాహ్నానికి పెట్టుకుంటే ఏదో ఒక మీటింగు మింగుద్ది. ఒకటి నుంచి ఐదు దాకా అందరూ కలిసి కూర్చుని వినొచ్చు, పెద్దపిల్లలు వినడానికి ఏం సిగ్గుపడరు. ఇంకోటి, ఐదో క్లాసులో వెనకబడ్డ పిల్లలుంటారు, వాళ్ళకి ఒకటో లెవెల్ పుస్తకం ఇస్తే పక్కవాళ్ళ ముందు చిన్నతనంగా ఉంటది, ముట్టుకోరు. వాళ్ళకి ఒక పని అప్పజెప్పండి, అబ్బాయ్, రేపు ఒకటో క్లాసు పిల్లలకి నువ్వు ఈ పుస్తకం చదివి వినిపించాలి అని. అప్పుడు ఆ సన్న పుస్తకం చదవడంలో చిన్నతనం లేదు, దాన్ని నాలుగుసార్లు ప్రాక్టీసు చేసుకొస్తాడు, చిన్నపిల్లలు వాడి చుట్టూ మూగుతారు. వెనకబడ్డ పెద్దపిల్లలకి ఇంతకంటే గౌరవంగా చదువు చెప్పే దారి నాకు ఇంకోటి తెలీదు.

తల్లిదండ్రుల దగ్గర్నించి వచ్చే మాట, కథలు చెప్తా కూచుంటే పాఠాలెప్పుడు సార్. వాళ్ళని తప్పుపట్టలేం, ప్రైవేటు స్కూలు పిల్లోడు పక్కింట్లో ఇంగ్లీష్ రైమ్ పాడుతుంటే ఎవరికైనా భయమే. స్కూలు కమిటీ మీటింగ్‌లో మనం ఉపన్యాసం ఇచ్చే బదులు వాళ్ళ పిల్ల చేతే ఒక పుస్తకం చదివించి, ఆ తర్వాత ఎందుకు అట్లా జరిగింది అని ఒక ప్రశ్న వాళ్ళనే అడగమంటే సరిపోద్ది. చదువు రాని తల్లులు మాకేం తెలుసు సార్ అంటారు. వాళ్ళకి చెప్పాల్సింది ఒకటే, అమ్మా, పాప పుస్తకం ఇంటికి తెస్తది, బొమ్మలు చూపిస్తా కథ చెప్పమను, మధ్యలో తర్వాత ఏమైంది అని అడుగు, అంతే. పొగాకు ఆకు కోసే రెలుపుల సీజన్లో పొద్దుపోయి ఇంటికొచ్చే తల్లి కూడా అన్నం పెడతా ఈ ఒక్క ప్రశ్న అడగగలదు.

పుస్తకం ఇంటికి పంపాలంటే మాత్రం బీరువా భయం పోవాలి. రిజిస్టర్లో 120 పుస్తకాలు ఎక్కాయి, తనిఖీకి వచ్చినవాళ్ళు లెక్క అడిగితే 97 ఉంటే మన జీతంలో కోస్తారేమో అని చాలామంది తాళం తియ్యరు, ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అధికారులు సుద్దముక్కలు ఎన్ని మిగిలాయని అడగరు, సన్న కథల పుస్తకాన్ని కూడా అట్లా వాడితే అరిగే సామానుగా రాతపూర్వకంగా ఒప్పుకుంటే రాష్ట్రంలో సగం బీరువాలు ఒక్క వారంలో తెరుచుకుంటాయి. 5000 రూపాయల గ్రాంటు, పుస్తకం 50 రూపాయలు అనుకుంటే ఏడాదికి వంద పుస్తకాలు, 30 మంది పిల్లలున్న స్కూలుకి అది తక్కువేం కాదు, ఏడాదికి ఇరవై చినిగినా ఇంకా ఎనభై మిగుల్తాయి. అప్పటిదాకా మన చేతిలో ఉన్నది ఏందంటే, తీసుకున్నవాళ్ళ పేర్లు నాలుగో క్లాసు పిల్లల చేత రాయించడం, రిజిస్టర్లో చినిగింది అని ఒక గడి పెట్టుకుని హెడ్‌మాస్టర్‌తో నెలనెలా సంతకం చేయించుకోవడం, ఈసారి గ్రాంటు వచ్చినప్పుడు కేటలాగులో పై నుంచి టిక్కులు పెట్టుకుంటూ పోకుండా ముందు ఆ గుణింతాల కుప్పలో మనకి ఎన్ని తక్కువున్నాయో లెక్కపెట్టి అవే ఎక్కువ రాయడం.